ఇంజన్లకి హారతి

మా పెద్దాయన తయారుచేయిస్తానన్న ఇంజన్లు కంటికి కనపడవు. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉండే గాజుపూస, దానికి ఒక సగం మాత్రం ప్లాటినం పూత. అంతే ఇంజన్. నీళ్ళలో కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి అందులో వేస్తే, పూత ఉన్న వైపు ఆ మందు విరిగి ఆక్సిజన్ పుడుతుంది, పూస రెండో వైపుకి తోసుకుంటూ పోతుంది. చక్రం లేదు, తాడు లేదు, బయటినుంచి నెట్టేవాడు లేడు. పుండ్లు కడగడానికి మందుల షాపులో అమ్ముతారే, ఆ సీసా మందే దాని తిండి. ఈ ముక్క ఇంత తేలిగ్గా ఆయన ఎప్పుడూ చెప్పి ఎరగడు. గంటన్నర ఉపన్యాసం దంచి, చివర్లో, "ఇవి రేపు మనిషి రక్తంలో తిరిగి మందులు మోస్తాయి" అని కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు.

రెండువేలు దాటి ఏడెనిమిదేళ్ళయిన రోజులవి. జంషెడ్‌పూర్‌లో ఒక పరిశోధనశాల. ఊరంతా ఉక్కు, ఊరి చివర లారీలు. అలాంటి ఊళ్ళో కూర్చుని ఈయన, "ఈ ఊళ్ళో అన్నిటికంటే చిన్న ఇంజన్ నాది" అని కనపడ్డవాడికల్లా డబ్బా కొట్టుకునేవాడు. విదేశంలో ఆర్నెల్లు ఉండి వచ్చి మా విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ ఎవరో చేస్తుంటే కిటికీలోంచి చూసి వచ్చాడని మా అనుమానం. గోవింద్‌పూర్‌లో లారీల ఫ్యాక్టరీవాళ్ళు ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఆయన ఇంజన్ల గురించి నవ్వుకుంటుంటే నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఆ ఇంజన్లు చెయ్యాల్సింది నేనే అయినా సరే, కడుపునిండా నవ్వాను.

ఆయనంటే నాకు ఒళ్ళుమంట. దాచడం ఎందుకు. మా నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చి మిల్లులో చేసి రిటైరైన మనిషి, మా ఇల్లు సీతారామ్‌డేరాలో. పెద్దాయనది కృష్ణా డెల్టా. ఒకసారి మీటింగులో నా నోట "ఏటి" అని వస్తే అందరూ నవ్వేదాకా దాన్ని సాగదీసి సాగదీసి అనుకరించాడు. జడకి నూనె రాసుకుని ల్యాబ్‌లోకి రాకూడదని తలుపు మీద కాగితం అంటించాడు. కాగితంలో పేరు లేదు గానీ, ఆ అంతస్తులో నూనె జడ ఉన్నది నాకొక్కదానికే. నేను పిహెచ్‌డి చేసినదాన్ని. ఆ కాగితం ముందునుంచి రోజూ నూనె జడతోనే లోపలికి వెళ్ళాను.

ఆ ల్యాబ్‌లో నాకు గౌరవం ఉన్న మనిషి ఒక్కడే, బాబాయ్. మా నాన్నతో కలిసి మిల్లులో పనిచేసినవాడు, నన్ను గౌను వేసుకున్న వయసునుంచి ఎరిగినవాడు. నలుగురిలో మేడమ్ అనేవాడు, ఎవరూ లేకపోతే పాపా అనేవాడు. ఉక్కు ముక్కలకి పాలిష్ పెట్టడం ఆయన పని. గరుకు కాగితం మీద మొదలుపెట్టి, అంతకంటే సన్నటి కాగితం, ఇంకా సన్నటిది, చివర్న తడి ముఖమల్ గుడ్డ మీద తెల్లపొడితో రుద్ది, ముక్కని అద్దంలా చేసి మైక్రోస్కోప్ కింద పెట్టేవాడు. ఇరవై ఏళ్ళు అదే పని, ఇరవై ఏళ్ళూ ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కిందే. పర్మనెంటు చేస్తామన్న మాట ఆయన ముగ్గురు డైరెక్టర్ల దగ్గర విన్నాడు.

ఇంజన్ల ప్రాజెక్టు రాగానే ఆయన గేటు పాసు దానికింద రాశారు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు పాసు. డిసెంబరుతో గడువు అయిపోతుంది. నవంబరులో ఢిల్లీనుంచి కమిటీ వచ్చి చూసి, బాగుందంటే ఇంకో మూడేళ్ళు. లేదంటే ప్రాజెక్టూ పోతుంది, పాసూ పోతుంది. ఆయనకప్పుడు యాభై రెండు. ఆ వయసులో కొత్త పాసుకి ఏ ఠేకేదారూ పేరు పంపడు, పంపినా డాక్టరు పరీక్షలో ఊపిరితిత్తులు చూసి తిప్పి పంపుతారు.

"నా పాసు ఈ పూసల మీద ఉన్నాది పాపా. కూసింత మనసెట్టి సెయ్యండి" అన్నాడు ఒకరోజు, నేను పూసల సీసాని విసురుగా పెట్టడం చూసి.

"ఇవి నడిచేదేటి బాబాయ్, ఆయన మొహం" అన్నాను నేను.

ఆ మాట అనడానికి నాకు ఆధారం లేదు. మొదటి నాలుగు నెలలూ మేం ప్లాటినం తగలేశాం, అది మాత్రం నిజం. పని ఏమిటంటే, గాజుపలక మీద పూసల్ని ఒక్క వరసలో పరవాలి. తర్వాత పలకని గాలి తీసేసిన గదిలో పెట్టి ప్లాటినం పూత పట్టించాలి. పైనుంచి పడే పూత వానలాగా పూస పై సగానికే తగులుతుంది, కింది సగం గాజుగానే మిగులుతుంది. ఆ తేడాతోనే ఇంజన్ నడిచేది. కానీ పూసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే కిందివాటికి పూత ఉండదు, అన్నీ ముద్దకట్టి చస్తాయి. పెద్దాయన విదేశంనుంచి తెచ్చిన పద్ధతి ప్రకారం చుక్క వేసి ఫ్యాన్ కింద ఆరబెట్టాం. ప్రతిసారీ ముద్దలే.

బాబాయ్ ఒకరోజు చూసి, ఫ్యాన్ కట్టేసి, పలక ఒక అంచు కింద అగ్గిపుల్ల పెట్టి వాలుగా ఉంచాడు. పూసలు కలిపిన నీళ్ళ చుక్కని పైఅంచున వేసి, మీద గాజుగిన్నె బోర్లించి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి నీరు మెల్లగా కిందికి దిగుతూ ఆరింది. మైక్రోస్కోప్‌లో చూస్తే పూసలు తేనెపట్టు గదుల్లా ఒకే వరసలో కుదురుగా ఉన్నాయి. పాలిష్ పొడి ఆరబెట్టే పద్ధతి అదేనట, తొందరపెడితే పొడి కూడా ముద్దకడుతుందట. పెద్దాయన అది చూసి, "గుడ్, నా లెక్క సరిపోయింది" అన్నాడు. ఏ లెక్కో ఆ దేవుడికే తెలియాలి.

ఆ పూసల్ని పెరాక్సైడ్‌లో వేసి చూశాం. అడుగున పడి వణుకుతున్నాయి. నీళ్ళలో వేసిన అంత చిన్న వస్తువేదైనా వణుకుతుంది, అది నడక కాదు. నడుస్తున్నాయో వణుకుతున్నాయో తేలాలంటే ఉత్త నీళ్ళలో కొన్ని, మందు నీళ్ళలో కొన్ని వేసి, గంటలకొద్దీ ఒక్కో పూసనీ కనిపెట్టి, రెండింటినీ పోల్చాలి. ఆ పని నాది. నేను పది నిమిషాలు చూసి, లేచి, టీకి వెళ్ళాను. ఆయన ప్రాజెక్టుకి నా కళ్ళు ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నాను. రిజిస్టరులో కదలిక లేదని రాసి పడేశాను.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆరోజు మా ఊళ్ళో యంత్రం అన్నది తిరగదు. ఆటోలనుంచి క్రేన్లదాకా కడిగి, బొట్టు పెట్టి, దండ వేస్తారు. మా ల్యాబ్‌లోనూ అంతే. కోత మిషను, కొలిమి, మైక్రోస్కోప్, అన్నిటికీ పసుపు కుంకుమ. పెద్దాయన పట్టుపంచె కట్టుకొచ్చి ఏ యంత్రానికి ఏ దండో చెబుతున్నాడు. నాకు నోటి దురద ఆగలేదు.

"అన్నిటికంటే చిన్న ఇంజన్‌కి పూజ లేదా సార్?"

వెటకారం అని అక్కడున్న నలుగురికీ తెలిసింది, ఆయనకి తప్ప. "అవును సుమా, మంచి మాట అన్నావమ్మా" అని తనే లోపలికి వెళ్ళి పూసలున్న గాజుగిన్నె తెచ్చి, మూత తీసి, పటం ముందు పెట్టాడు. ఫొటో తీయించుకున్నాడు. హారతి ఇచ్చేది ప్రతి ఏడూ బాబాయే. వానాకాలం చెమ్మకి కర్పూరం బిళ్ళలు పొడిపొడిగా ఉన్నాయి. పళ్ళెంలో నలిపి వెలిగించి, గిన్నె చుట్టూ మూడుసార్లు తిప్పాడు. నేను పక్కకి తిరిగి పైట చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

మర్నాడు పొద్దున పెద్దాయన కేక విని పరిగెత్తాను. గిన్నెలో మచ్చలు పరుగులు తీస్తున్నాయి. మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు, మామూలు కంటికే కనపడుతున్నాయి. గిరగిరా తిరుగుతూ, ఒకదాన్ని చూసి ఒకటి తప్పుకుంటూ, అంచుదాకా పోయి వెనక్కి వస్తున్నాయి. "నడిచాయి, చూడండి, నడిచాయి" అని ఆయన చంకలు గుద్దుకుంటున్నాడు. మధ్యాహ్నానికి లడ్డూలు వచ్చాయి. నేను రెండు తిన్నాను.

ఇక అప్పట్నుంచి చూడాలి ఆయన తీరు. కొత్త గిన్నె పెట్టినప్పుడల్లా ముందు హారతి పడాలి, ఆ తర్వాతే పరీక్ష. ఒకసారి హారతి లేకుండా చేస్తే ఏదీ కదల్లేదు, దాంతో నమ్మకం ముదిరింది. డాక్టరేటు ఉన్న మనిషి, తలుపు మీద నూనె జడ నిషేధం రాసిన మనిషి, బాబాయ్‌ని పిలిచి, "ఆ హారతి ఏదో ఇచ్చెయ్యవయ్యా" అని చేతులు జోడించి నిలబడేవాడు. గాజుపూసలు నీళ్ళ మీద ఎలా తేలుతున్నాయని నేను ఒకసారి అడిగాను. ఆక్సిజన్ బుడగలు అంటుకుని పైకి లేపుతున్నాయన్నాడు. ఆ జవాబు ఆయనకి ఎంత నచ్చిందంటే, మర్నాడే దాన్ని రిపోర్టులో ఒక పేరాగా రాసుకున్నాడు.

కమిటీ రావడానికి వారం ముందు, భోజనాల వేళ, బాబాయ్ నన్ను వెనక గదిలోకి పిలిచాడు.

"పాపా, గిన్నె మూత తీత్తే కర్పూరం వాసన వత్తంది. మన పూసలు అడుక్కి పోతాయి గదా. ఇయ్యి పైన తిరుగుతన్నాయి. నాను నలిపినప్పుడు పొడి పడిపోతందేటో."

ఒక గిన్నెలో కుళాయి నీళ్ళు పట్టాను. పూస లేదు, మందు లేదు. గోటితో కర్పూరం గిల్లి వేశాను. అవే పరుగులు. కర్పూరం కరుగుతూ నీటి పైపొరని ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు చేస్తుంది, ఆ లాగుడుకి తునక తిరుగుతుంది. చిన్నప్పుడు ఆడుకునే ఆట. ఆ నీళ్ళకి కాస్త జిడ్డు తగిలితే టక్కున ఆగిపోతుంది. నా వేలిని జడకి రాసి నీళ్ళని ముట్టుకున్నాను. ఆగిపోయింది.

నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. పిహెచ్‌డి వచ్చిన రోజు కూడా అంత సంతోషపడలేదు. రెండు నెలలుగా మా మహానుభావుడు హారతి కర్పూరానికి ఇంజన్ అని పేరు పెట్టి ఊరేగుతున్నాడు.

"పెద్దాయనకి సెప్పీ పాపా. ఆల్లొచ్చీలోగా సెప్పీసెయ్. నాను సెప్తే ఇనడు, నువ్వైతే సదువుకున్నదానివి. టైమున్నాది, ఏదో ఒకటి సక్కబెట్టుకోవచ్చు."

"చెప్తాను బాబాయ్."

"మరిసిపోకు. నా పాసు సంగతి నీకు తెలుసు గదా."

"చెప్తానన్నాను కదా."

మర్చిపోలేదు. వారం రోజులూ ఆ సంగతిని నోట్లో పంచదార బిళ్ళలా చప్పరించుకుంటూ తిరిగాను. రహస్యంగా చెబితే ఆయన నవ్వేసి, రిపోర్టులో ఆ పేరా కొట్టేసి, అదే గొప్పతో ఇంకోటి చూపిస్తాడు, అలా వదలకూడదు, నిజం నలుగురిలో తేలాలి అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నిజం మీద నాకంత ప్రేమ ఉంటే నాలుగు నెలల ముందే గంటలకొద్దీ కూర్చుని పూసల్ని చూసేదాన్ని. నాకు కావలసింది నలుగురిలో ఆయన మొహం.

కమిటీలో ముగ్గురు. పొద్దున్న రైలుకి మా ఊరి స్టేషను టాటానగర్‌లో దిగారు. పెద్దాయన బొకేలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికే వెళ్ళాడు. పదకొండింటికి గిన్నెని ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టి లైటు వేశాడు. తెరమీద నల్లటి చుక్కలు సుడులు తిరిగాయి. ఛైర్మన్ తెల్లజుట్టు మనిషి, ముందుకు వంగి "వాహ్" అన్నాడు. ఇంక చూడండి, రక్తంలో మందులు, మూత్రపిండాల్లో రాళ్ళు, కాలవల్లో విషాలు, ఆ ఇంజన్లు చెయ్యని పని లేదు.

ఉపన్యాసం అయ్యేదాకా ఆగాను. తర్వాత లేచి, "సార్, ఒక చిన్న పరీక్ష చూపించవచ్చా" అని హిందీలో ఛైర్మన్‌నే అడిగాను, పెద్దాయన వైపు చూడకుండా. గ్లాసులో తాగే నీళ్ళు ఖాళీ గిన్నెలో పోశాను. పర్సులోంచి కర్పూరం బిళ్ళ తీసి గిల్లాను. తెరమీద అవే చుక్కలు, అవే సుడులు. జడని ముందుకు వేసుకుని వేలితో ఒకసారి నిమిరి, నీటి అంచుని ముట్టుకున్నాను. అన్నీ ఆగిపోయాయి. ఆ గిన్నె తీసేసి పెద్దాయన గిన్నె పెట్టి అదే వేలు ముంచాను. అవీ ఆగిపోయాయి. "హారతి కర్పూరం సార్. విశ్వకర్మ పూజ నాటినుంచి కొత్త గిన్నె పెట్టినప్పుడల్లా వీటికి హారతి ఇస్తున్నాం" అన్నాను. ఒక సభ్యుడు పకపకా నవ్వాడు. పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను వారంగా ఊహించుకున్న మొహం అచ్చం అదే.

ఛైర్మన్ నవ్వలేదు. ఫైలు మీద చెయ్యి పెట్టి, "అసలు ఇంజన్ ఏదైనా ఉందా, లేదా?" అని అడిగాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. గదంతా నావైపు చూసింది.

"లేదు సార్. ఎప్పుడూ లేదు" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు బాబాయ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ట్రే, ట్రే మీద పాలిష్ గుడ్డ కప్పి ఉంది. టీ కప్పులేమో అనుకున్నాను. ఛైర్మన్ ఏదో రాసి ఫైలు మూశాడు. బాబాయ్ ట్రేతో వెనక్కి వెళ్ళిపోయాడు.

అందరూ భోజనానికి గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాక, బాబాయ్ నన్ను మెచ్చుకుంటాడని వెనక గదిలోకి వెళ్ళాను. మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఉన్నాడు. లేచి, నాకు స్టూలు చూపించాడు. కంటి గొట్టంలోంచి చూశాను. అడుగున పూసలు, ఒక్కోటి సగం నలుపు, సగం తెలుపు. వణుకుతున్నాయి. వణుకుతూనే నెమ్మదిగా ఒక వైపుకి పోతున్నాయి. ఒకదాన్ని పట్టుకుని చూశాను. తెల్ల సగం ముందుకి పెట్టి, కాస్త వంకరగా, ఆగకుండా వెళ్ళి నేను చూసే వలయం దాటిపోయింది. ఇంకోదాన్ని పట్టుకున్నాను. అదీ దాటిపోయింది. బాబాయ్ గిన్నె మార్చాడు. ఇది ఉత్త నీళ్ళు. ఇందులో పూసలు ఉన్నచోటే వణుకుతున్నాయి, ఎక్కడికీ పోవడం లేదు.

"ఆ కర్పూరం సంగతి తెలిసిన కాడ్నించి రోజూ బువ్వ యేల్లో సూత్తన్నాను పాపా. వాలు పలక మీద ఆరినయ్యి బాగా నడుత్తన్నాయి. నువ్వు పెద్దాయనకి సెప్పీసుంటావు, ఆ గిన్నె తీసీసి ఇది ఎడతారని తెచ్చినాను."

ఉత్త నీళ్ళ గిన్నె ఒకటి, మందు గిన్నె ఒకటి. పోల్చి చూపించడానికి రెండూ సిద్ధం చేసుకుని వచ్చాడు. నాకు చెయ్యమని అప్పగించిన పని అదే.

"లోపలికి ఎందుకు తేలేదు బాబాయ్?" అన్నాను.

"నువ్వు నేదని సెప్పీసినావు గదా. నువ్వు నేదంటే నాను ఉన్నాదని ఎలగ సెప్తాను?"

కోపం లేదు ఆ మాటలో. నిజంగానే అడిగాడు. కోపం ఉంటే బతికిపోయేదాన్ని.

కమిటీ రైలు మూడింటికి. అప్పుడు ఒంటిగంట. ఆటో ఎక్కితే టాటానగర్ ఎంతసేపు? ఆ రెండు గిన్నెలూ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద ఛైర్మన్ ముందు నిలబడి, సార్, నేను చూడకుండా చెప్పాను అంటే చాలు. ఆ మాట అనాలంటే వాళ్ళని సాగనంపడానికి వచ్చిన పెద్దాయన ముందు అనాలి. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడయింది. నేను లేవలేదు. మర్నాడు ఒక ఉత్తరం మొదలుపెట్టాను, రెండు వాక్యాలు రాసి చింపేశాను. ఆ మనిషి ముందు తగ్గడం కంటే బాబాయ్ పాసు పోయి ఇంట్లో కూర్చోవడమే నాకు తేలికయింది. ఛీ. ఇన్నేళ్ళకి రాస్తుంటే కూడా నా మీద నాకు రోత పుడుతోంది.

పెద్దాయనకి ఏమీ కాలేదు. అలాంటివాళ్ళకి ఏమీ కాదు. ఏడాది తిరక్కుండా ఇంకో విభాగానికి పెద్దయ్యాడు. రిజిస్టరులో కదలిక లేదని నేను రాసిన పేజీ అలాగే ఉంది, దాని కింద ప్రాజెక్టు ముగిసిందని ఎవరో సంతకం పెట్టారు.

డిసెంబరు ఆఖరి రోజు నేను గేటు దాకా బాబాయ్‌తో నడిచాను. కాపలావాడు పాసు తీసుకుని, ఫొటో ఉన్న మూల కత్తిరించి, డబ్బాలో వేశాడు. బాబాయ్ సైకిలు తాళం తీసుకుంటూ ఆగాడు.

"ఆ పూసలు నడిసినాయి. నాను సూసినాను, నువ్వు సూసినావు. ఎవులైనా అడిగితే సెప్పు పాపా."

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అడక్కుండానే చెప్పాలని నాకు తట్టేసరికి, ఈ కాగితం చదివి వినిపించడానికి బాబాయ్ లేడు.